ఫంక్షనల్ భాషకు చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్ రాయాలంటే: ఐదు పద్ధతులు, ఏది ఎవరికి

హాస్కెల్, క్లోజర్, ఎలిక్సర్, ఓకామెల్, ఎఫ్ షార్ప్, గ్లీమ్: ఇవి ఫంక్షనల్ భాషలు, అంటే ఫంక్షన్లను కలుపుతూ ప్రోగ్రామ్ కట్టే తరహావి. వీటిలో దేనితో పని చేసే చిన్న టీమ్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: పెద్ద ఫ్రేమ్‌వర్క్ మొత్తం నెత్తికెత్తుకోవాలా, మనకు సరిపడే చిన్నది మనమే కట్టుకోవాలా? బెంగళూరులో ఇది ఊహాగానం కాదు. పేమెంట్ టెక్నాలజీ కంపెనీ జస్‌పే హాస్కెల్‌ను పేమెంట్ల పనిలో వాడుతోంది. ఆటో బుకింగ్ యాప్ నమ్మ యాత్రి బ్యాకెండ్ కూడా హాస్కెల్‌లోనే ఉంది, ఆ కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇలాంటి టీముల్లో చేరే మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది జావా, నోడ్ నుంచి వస్తారు. వాళ్ళకు మొదట అర్థం కావాల్సింది ఫ్రేమ్‌వర్క్ పేరు కాదు, దాని నడుములో ఉన్న ఒక్క టైప్. రిక్వెస్ట్ లోపలికి ఏ రూపంలో వస్తుంది, జవాబు బయటికి ఏ రూపంలో పోతుంది అన్నది ఆ టైప్ చెబుతుంది. మిగతా నిర్ణయాలు చాలావరకు దాని వెనకే నడుస్తాయి.

మా సలహా ముందే చెప్పేస్తాం. అనుమానం ఉంటే మామూలు ఫంక్షన్ పద్ధతి తీసుకోండి: రిక్వెస్ట్ ఇస్తే రెస్పాన్స్ తిరిగిచ్చే ఫంక్షన్ (హ్యాండ్లర్), దాన్ని చుట్టే ఫంక్షన్లు (మిడిల్‌వేర్), అంతే. మిగిలిన నాలుగింటిలో ఒక్కోదానికి ఒక్కో గట్టి కారణం ఉండాలి. ఆ కారణం మీ దగ్గర ఉందో లేదో తేల్చుకోవడానికే ఈ పోలిక.

పోల్చడానికి ఒక యాప్ అనుకుందాం. మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్, నెలవారీ క్యారేజీలు ఇస్తుంది. దానికి ఐదు రూట్లు (ఏ యూఆర్ఎల్‌కు ఏ జవాబు అన్నవి) చాలు. ఒకటి, ఈరోజు మెనూ చూపించే పేజీ. రెండు, ఆర్డర్ ఫారం పంపడం. మూడు, లాగిన్ అయినవాళ్ళకు ఖాతా పేజీ. నాలుగు, డబ్బు కట్టినట్టు పేమెంట్ సర్వీస్ రేజర్‌పే తనంతట తానే మన సర్వర్‌కు పంపే కబురు, అంటే వెబ్‌హుక్. ఐదు, నెలాఖరున యజమాని దించుకునే సీఎస్‌వీ రిపోర్ట్, వేల వరుసలు. ఈ ఐదూ కావాలనే ఎంచుకున్నవి. మెనూ పేజీ తెలుగు అక్షరాల్ని, ఫారం బాడీ చదవడాన్ని, ఖాతా పేజీ యూజర్ వివరాల్ని మోసుకెళ్ళే పద్ధతిని, వెబ్‌హుక్ పచ్చి బైట్లను, రిపోర్ట్ స్ట్రీమింగ్‌ను (కొంచెం కొంచెంగా పంపడాన్ని) పరీక్షిస్తాయి. మీరు గీసిన డిజైన్‌లో ఈ ఐదూ కాగితం మీద రాసి చూడండి, ఎక్కడ ఇబ్బందో కోడ్ రాయకముందే తెలుస్తుంది.

ఇంకో హద్దు కూడా ముందే గీసుకోవాలి. హెచ్‌టీటీపీ సర్వర్ మాత్రం మీరు రాయకండి. హెడర్లు విడదీయడం, కనెక్షన్ తెరిచి ఉంచడం, టైమ్‌అవుట్లు, మెల్లగా బైట్లు పంపి సర్వర్‌ను కట్టేసే దాడులు, ఇవన్నీ ఏళ్ళ తరబడి నలిగిన పనులు. హాస్కెల్‌కు వార్ప్, క్లోజర్‌కు జెట్టీ, ఎలిక్సర్‌కు కౌబాయ్ లేదా బ్యాండిట్, ఎఫ్ షార్ప్‌కు కెస్ట్రెల్, గ్లీమ్‌కు మిస్ట్ ఉన్నాయి. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) పని ముందు నిలబడే ప్రాక్సీ సర్వర్లు ఎన్జిన్‌ఎక్స్‌కో క్యాడీకో అప్పగించండి. ఈ రెంటి మధ్య మిగిలిన భాగమే మీ ఫ్రేమ్‌వర్క్.

మొదటి పద్ధతి: మామూలు ఫంక్షన్

హ్యాండ్లర్ = రిక్వెస్ట్ → రెస్పాన్స్
మిడిల్‌వేర్ = హ్యాండ్లర్ → హ్యాండ్లర్

క్లోజర్ లోని రింగ్ ఈ దారికి మంచి నమూనా. రిక్వెస్ట్ ఒక మామూలు మ్యాప్ (కీ, విలువల జతలు): పద్ధతి (గెట్, పోస్ట్ లాంటి మెథడ్), దారి (యూఆర్ఎల్ పాత్), క్వెరీ, హెడర్లు, బాడీ. రెస్పాన్స్‌లో మూడే ఉంటాయి: స్టేటస్, హెడర్లు, బాడీ. ఓకామెల్ డ్రీమ్‌లోనూ ఇదే ఆకారం, కాకపోతే రెస్పాన్స్ ప్రామిస్‌లో (తర్వాత వచ్చే విలువలో) చుట్టి వస్తుంది. గ్లీమ్ లోని విస్ప్ కూడా ఈ కుటుంబమే.

దీని అసలు బలం టెస్టులో కనిపిస్తుంది. సర్వర్ ఎత్తనక్కర్లేదు, పోర్ట్ వెతుక్కోనక్కర్లేదు. చేత్తో ఒక రిక్వెస్ట్ కట్టి, ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన స్టేటస్ 200 అవునో కాదో చూస్తే సరి. కొత్తగా చేరినవాళ్ళకు వివరించడానికి అరగంట చాలు.

తప్పులు జరిగేది మిడిల్‌వేర్ వరుసలో. మేం సూచించే వరుస, బయటి నుంచి లోపలికి: రిక్వెస్ట్‌కు ఒక గుర్తు సంఖ్య, తర్వాత లాగ్, తర్వాత ఎర్రర్‌ను పట్టి 500గా మార్చేది, తర్వాత సెషన్, తర్వాత రూటింగ్. బాడీ పార్సింగ్, సీఎస్ఆర్ఎఫ్ తనిఖీ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందా అని టోకెన్‌తో చూడడం), లాగిన్ తనిఖీ మాత్రం అందరికీ కాకుండా రూట్ల గుంపు గుంపుకూ పెట్టాలి. లాగ్ ఎర్రర్ పట్టేదానికి బయట ఎందుకుండాలి? లోపల ఉంటే ఎక్సెప్షన్ దాన్ని దాటుకుని వెళ్ళిపోతుంది, సరిగ్గా మీకు కావలసిన 500 వరుసే లాగ్‌లో ఉండదు. సీఎస్ఆర్ఎఫ్ అందరికీ ఎందుకు పెట్టకూడదు? వెబ్‌హుక్ పంపేవాళ్ళ దగ్గర మీ టోకెన్ ఉండదు, వాళ్ళకు 403 పోతుంది, డబ్బు కట్టినా ఖాతాలో జమ కనపడదు. సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ ఫారంలోనే వస్తుంది కాబట్టి బాడీ పార్సింగ్ దానికి ముందే జరగాలి.

వరుస ఎటు నుంచి చదవాలో కూడా డాక్యుమెంట్‌లో మొదటి పేజీలోనే రాయండి. క్లోజర్‌లో బాణం మ్యాక్రోతో రాస్తే చివర రాసిన మిడిల్‌వేర్ అన్నిటికన్నా బయటిది. డ్రీమ్‌లో పైన రాసిందే బయటిది. ఒకటి అలవాటైన మనిషి రెండోదానిలో తలకిందులుగా రాస్తాడు, కంపైలర్ ఏమీ అనదు. ఎందుకంటే అన్ని మిడిల్‌వేర్ల టైపూ ఒకటే.

ఈ పద్ధతికి ఉన్న నిజమైన బలహీనత ఖాతా పేజీలో తేలుతుంది. లాగిన్ మిడిల్‌వేర్ యూజర్‌ను కనుక్కుంది, దాన్ని హ్యాండ్లర్‌కు ఎలా అందించాలి? క్లోజర్‌లో రిక్వెస్ట్ మ్యాప్‌లో ఇంకో కీ చేర్చేస్తారు. ఆ మిడిల్‌వేర్ పెట్టడం మరిచిపోతే హ్యాండ్లర్‌కు నిల్ (ఖాళీ విలువ) వస్తుంది, అదీ నడిచేటప్పుడే తెలుస్తుంది. టైపులున్న భాషల్లో రిక్వెస్ట్‌కు జేబులాంటి ఒక తెరిచిన మ్యాప్ తగిలించి, టైప్ ఉన్న కీలతో వెతుక్కోవచ్చు. అక్కడా లేకపోతే లేదనే జవాబే వస్తుంది.

మేం ఇష్టపడేది మరోటి. రిక్వెస్ట్‌లో ఏదీ దాచకండి, యూజర్‌ను ఆర్గ్యుమెంట్‌గానే ఇవ్వండి:

యూజర్_కావాలి = రిక్వెస్ట్ → (యూజర్ → రెస్పాన్స్) → రెస్పాన్స్

యూజర్ ఉంటే లోపలి ఫంక్షన్‌ను పిలుస్తుంది, లేకపోతే తనే లాగిన్ పేజీకి 303 (దారి మళ్ళింపు) ఇస్తుంది. ఖాతా పేజీ రాసే ఫంక్షన్ యూజర్‌ను అడుగుతుంది కాబట్టి ఈ గేటు దాటకుండా దాన్ని పిలవడం కుదరదు, కంపైలర్ ఆపేస్తుంది. ఇలా మూడు నాలుగు పెట్టేసరికి కోడ్ కుడివైపు జరుగుతూ పోతుంది. గ్లీమ్‌లో యూజ్ అనే వాక్యం, హాస్కెల్‌లో డూ, ఓకామెల్‌లో లెట్ ఆపరేటర్లు ఆ మెట్లను చదును చేస్తాయి. మీ భాషలో అలాంటి సదుపాయం లేకపోతే రెండు మెట్లకు మించి వెళ్ళకండి.

రెండో పద్ధతి: ఒకే కనెక్షన్ విలువ

కాన్ → కాన్

ఎలిక్సర్ ప్లగ్ దారి ఇది. రిక్వెస్ట్, రెస్పాన్స్ రెండూ ఒకే విలువలో ఉంటాయి. ప్రతి మెట్టూ దాన్ని తీసుకుని కాస్త మార్చి తిరిగిస్తుంది. పైనుంచి కిందికి పైప్ లాగా చదవొచ్చు, వరుస తలకిందులు కావడమనే బాధ లేదు. ఎలిక్సర్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫీనిక్స్ మొత్తం దీని మీదే నిలబడింది. పైప్ ఆపరేటర్ ఉన్న, టైపులు కట్టుదిట్టంగా లేని భాషకు ఇది చక్కగా అతుకుతుంది.

చెల్లించే ధర రెండు చోట్ల ఉంది. మధ్యలో ఆపాలంటే ఆపు అని విలువలో గుర్తు పెట్టాలి. లాగిన్ తనిఖీ 401 పంపేసి హాల్ట్ పిలవడం మరిచిపోతే తర్వాతి మెట్లు నడుస్తూనే ఉంటాయి, హ్యాండ్లర్ రెండోసారి జవాబు పంపబోతుంది, జవాబు ముందే వెళ్ళిపోయిందనే ఎర్రర్ వస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, ఆ ఎర్రర్ వచ్చేలోపు డేటాబేస్‌లో రాయాల్సింది రాసేసి ఉండొచ్చు. మామూలు ఫంక్షన్ పద్ధతిలో ఈ తప్పుకు చోటే లేదు: లోపలి హ్యాండ్లర్‌ను పిలవకపోతే అది నడవదు.

రెండోది, ఒక పనిని ముందూ వెనకా చుట్టడం కష్టం. సమయం కొలవాలంటే మొదట గడియారం చూసి, జవాబు వెళ్ళబోయే ముందు పిలవమని ఒక కాల్‌బ్యాక్ నమోదు చేయాలి. ప్లగ్‌లో అలాంటి ఏర్పాటు ఉంది, మీ ఫ్రేమ్‌వర్క్‌లోనూ మొదటి రోజే పెట్టాలి. తర్వాత అతికిస్తే జవాబు పంపే ప్రతి చోటూ మార్చాల్సి వస్తుంది.

ఎలిక్సర్‌లో ఇది ఇంత బాగా నడవడానికి కింద ఉన్న ఎర్లాంగ్ యంత్రం (వర్చువల్ మెషీన్) కూడా కారణమే. ఒక్కో కనెక్షన్ లేదా రిక్వెస్ట్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది, ఒకటి కూలితే పక్కది కదలదు. ఆ రక్షణ లేని భాషలోకి ప్లగ్ ఆకారాన్ని మాత్రం ఎత్తుకెళ్ళి అదే నిబ్బరం ఆశించకండి.

మూడో పద్ధతి: కుదిరితే ఇస్తా, లేదంటే పక్కవాణ్ణి అడుగు

వెబ్‌పార్ట్ = కాంటెక్స్ట్ → అసింక్ (కాంటెక్స్ట్ లేదా ఏమీలేదు)

ఎఫ్ షార్ప్ స్వావ్ ఈ ఆకారాన్ని ప్రచారంలోకి తెచ్చింది. జిరాఫ్ దాన్నే తర్వాతి ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకునేలా మలిచి ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ మీద నిలబెట్టింది. ఇందులో రూట్, పద్ధతి తనిఖీ, హ్యాండ్లర్, అన్నీ ఒకే టైప్. చేప ఆపరేటర్‌తో (>=>) రెంటిని గుచ్చొచ్చు, చూజ్‌తో జాబితాలోంచి మొదట కుదిరినదాన్ని తీసుకోవచ్చు. రాయడానికి ఇంత ఇంపుగా ఉండే పద్ధతి ఇంకోటి లేదు, అది ఒప్పుకోవాల్సిందే.

కానీ ఏమీలేదు అన్న జవాబులో కారణం ఉండదు. ఆర్డర్ దారికి పోస్ట్ బదులు గెట్ వస్తే దారి కుదిరింది, పద్ధతి కుదరలేదు. అది 405 కావాలి, ఏ పద్ధతులు చెల్లుతాయో చెప్పే అలౌ హెడర్ తప్పనిసరిగా దానితో వెళ్ళాలి. చూజ్ మాత్రం కుదరలేదనే తెలుసుకుని చివరికి 404 ఇస్తుంది. ఆర్డర్ సంఖ్య ఉండాల్సిన చోట అక్షరాలు వచ్చినా అదే 404. మొబైల్ యాప్ రాసేవాళ్ళు దారి తప్పు రాశామేమోనని గంటలు వెతుకుతారు.

దీనికి మందు ఉంది. ఏమీలేదు అన్న ఒక్క మాట బదులు మూడు ముక్కల టైప్ పెట్టండి: జవాబిచ్చాను, నాది కాదు, నాదే కానీ తప్పు ఉంది. మూడోది వస్తే చూజ్ ముందుకు వెతకదు. పద్ధతి కుదరని సందర్భాన్ని మాత్రం విడిగా గుర్తుంచుకుని, చివరిదాకా ఏదీ కుదరకపోతే 405 ఇవ్వాలి, ఎందుకంటే అదే దారికి పోస్ట్ హ్యాండ్లర్ కింద ఎక్కడో ఉండొచ్చు. ఇంత చేశాక ఆ మొదటి ఇంపు కొంత తగ్గుతుంది. బ్రౌజర్ పేజీలే ఉన్న యాప్‌కు ఇది బాధించదు, బయటివాళ్ళు వాడే ఏపీఐకి తప్పక బాధిస్తుంది.

నాలుగో పద్ధతి: మోనాడ్ భాష

మోనాడ్ అంటే పనుల్ని ఒకదాని తర్వాత ఒకటిగా గుచ్చే ఏర్పాటు. హాస్కెల్ స్కాటీ దీనికి ఉదాహరణ, రూబీ సినాట్రాను చూసి పుట్టింది. డూ కింద వరుసగా రూట్లు రాస్తారు, లోపల స్టేటస్ పెట్టు, టెక్స్ట్ పంపు అని ఆజ్ఞల్లా రాస్తారు. జావా, నోడ్ నుంచి వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో పని మొదలుపెడతారు. ఒక మధ్యాహ్నంలో చూపించాల్సిన డెమోకు, లోపలి వాడకపు చిన్న టూల్‌కు ఇది బాగుంటుంది. కొత్తగా ఫ్రేమ్‌వర్క్ కట్టేవాళ్ళకు మాత్రం సిఫారసు చేయం. రెస్పాన్స్ ఒక విలువగా చేతికి రాదు, లోపలి స్థితిలో మారుతూ ఉంటుంది, కాబట్టి టెస్టుకు మొత్తం యంత్రాన్ని నడపాల్సిందే. ఎర్రర్, డేటాబేస్, సెట్టింగ్‌లు ఒక్కోటీ ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పొరను (ఒక మోనాడ్ మీద ఇంకోటి పేర్చే చుట్టును) అడుగుతాయి.

ఐదో పద్ధతి: టైపులోనే ఏపీఐ

హాస్కెల్ సర్వెంట్‌లో రూట్ల పట్టిక అంతా ఒక టైపుగా రాస్తారు. దారి ముక్కలు, క్వెరీ, బాడీ, జవాబు రకం, అన్నీ అందులోనే. హ్యాండ్లర్ టైప్ దాన్నుంచి తేలుతుంది, సరిపోకపోతే కంపైల్ కాదు. అదే టైప్ నుంచి క్లయింట్ ఫంక్షన్లు, ఓపెన్ఏపీఐ (ఏపీఐని వివరించే ప్రామాణిక రూపం) డాక్యుమెంట్ తయారవుతాయి. 404, 405, 401, 400లలో ఏది ముందు ఇవ్వాలన్న వరుస కూడా అదే చూసుకుంటుంది. నమ్మ యాత్రి లాంటి పెద్ద బ్యాకెండ్లు ఈ దారి పట్టడంలో ఆశ్చర్యం లేదు: పదుల కొద్దీ సర్వీసులు ఒకదాన్నొకటి పిలిచేటప్పుడు రెండు వైపులా ఒకే టైప్ ఉండటం ఎంతో ఆదా.

మెస్ యాప్‌కు మాత్రం ఇది భారం. కంపైల్ సమయం రూట్లతో పాటు పెరుగుతుంది. ఒక ఆర్గ్యుమెంట్ మరిచిపోతే వచ్చే ఎర్రర్ సందేశం తెర నిండుతుంది, కొత్తవాళ్ళు దాన్ని చదవడం నేర్చుకోవడానికే వారాలు పడుతుంది. ఇంకో మాట: టైపుల స్థాయిలో ఇంత గణితం చేయగల భాషలు కొన్నే. ఓకామెల్‌లోనో గ్లీమ్‌లోనో దీన్ని అనుకరించబోతే సగం దారిలో చిక్కుకుంటారు. అక్కడ కోడ్ పుట్టించే చిన్న ప్రోగ్రామ్ రాసుకోవడం మేలు.

ఈ ఐదింటి బయట కంటిన్యుయేషన్ పద్ధతి ఒకటి ఉంది, ర్యాకెట్ వెబ్ సర్వర్‌లో చూడొచ్చు. పేజీ మధ్యలో ఆగి, యూజర్ జవాబిచ్చాక అదే వరుస నుంచి కొనసాగుతుంది. ఆలోచన అందమైనదే. అలా మధ్యలో ఆగిన ఫంక్షన్లను సర్వర్ మెమరీలో దాచితే మాత్రం సర్వర్ మళ్ళీ మొదలైనప్పుడల్లా లింకులు చచ్చిపోతాయి. ఆర్క్ భాషలో రాసిన హ్యాకర్ న్యూస్‌లో, కాసేపాగి తర్వాతి పేజీ లింక్ నొక్కితే గడువు తీరిందన్న సందేశం రావడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు సర్వర్ల మీద నడిపే యాప్‌కు ఇది వద్దు.

రూటింగ్: ప్యాటర్న్ మ్యాచ్ చాలా?

మామూలు ఫంక్షన్ తీసుకున్నారనుకుందాం. అప్పుడు రూటర్ లైబ్రరీ అక్కర్లేదు. దారిని ముక్కల జాబితాగా విడగొట్టి, పద్ధతితో కలిపి భాషలోని ప్యాటర్న్ మ్యాచ్‌కే ఇవ్వండి. విస్ప్ ఇలాగే చేస్తుంది. ముందు దారిని మ్యాచ్ చేసి, లోపల పద్ధతిని మ్యాచ్ చేస్తే 404, 405 తేడా దానంతటదే తేలుతుంది. ముప్పై నలభై రూట్ల దాకా ఇదే మంచిది. దారి నుంచి హ్యాండ్లర్‌కు, హ్యాండ్లర్ నుంచి దారికి ఎడిటర్‌లో ఒక్క నొక్కుతో వెళ్ళొచ్చు.

దీనివల్ల పోయేది ఒకటే: రూట్ల జాబితాను విలువగా చూడలేరు. అన్ని దారులూ ప్రింట్ చేయడం, డాక్యుమెంట్ పుట్టించడం, లాగ్‌లో ఆర్డర్ 4512 బదులు ఆర్డర్ సంఖ్య అన్న నమూనా పేరు రాయడం కుదరవు. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ మెట్రిక్స్‌లో ప్రతి ఆర్డర్‌కూ వేరే పేరు పుడితే మానిటరింగ్ సర్వర్ మెమరీ నిండిపోతుంది. అది కావాల్సిన రోజు రూట్లను డేటా పట్టికగా మార్చండి: పద్ధతి, నమూనా, హ్యాండ్లర్ మూడు కాలమ్‌లు. మ్యాక్రోలతో రూట్లు పుట్టించడం మాత్రం ఆఖరి ప్రయత్నంగా ఉంచండి.

దారిని విడగొట్టేటప్పుడు వరుస ముఖ్యం. ముందు స్లాష్ దగ్గర విడగొట్టాలి, తర్వాతే ఒక్కో ముక్కనూ డీకోడ్ చేయాలి. మెనూలో ఇడ్లీ/వడ అన్న వంటకం పేరు దారిలో ఎన్‌కోడ్ అయి వస్తే, ముందు డీకోడ్ చేసినవాళ్ళకు అది రెండు ముక్కలై 404 అవుతుంది.

తెలుగు పేజీ దగ్గర తప్పే లెక్కలు

ఇడ్లీ అన్న మాట కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ఐదు కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య). యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటీ మూడు బైట్లు కాబట్టి మొత్తం 15 బైట్లు, అదే దారిలో ఎన్‌కోడ్ అయితే బైటుకు మూడు చొప్పున 45 గుర్తులు. కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో ఉండాల్సింది 15. స్ట్రింగ్ పొడవు అడిగి 5 అని పెట్టేస్తే బ్రౌజర్ ఐదు బైట్లు చదివి ఆగిపోతుంది, పేజీ మొదట్లోనే తెగుతుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసినంతకాలం రెండు సంఖ్యలూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. అందుకే రెస్పాన్స్ బాడీ టైప్‌ను స్ట్రింగ్ కాకుండా బైట్లుగా పెట్టి, మార్చే ఫంక్షన్ ఒక్కచోటే ఉంచండి. హెడర్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని అక్కడే చేరిపోవాలి.

హాస్కెల్‌లో ఇంకో గుంట ఉంది. బైట్‌స్ట్రింగ్ చార్8 మాడ్యూల్‌తో తెలుగు స్ట్రింగ్‌ను ప్యాక్ చేస్తే ప్రతి కోడ్‌పాయింట్‌లోనూ కింది 8 బిట్లే మిగులుతాయి, మిగతావి ఏ ఎర్రరూ లేకుండా పోతాయి. టెక్స్ట్ టైప్‌లో ఉంచుకుని యూటీఎఫ్-8 ఎన్‌కోడ్ ఫంక్షన్‌తోనే బైట్లు చేయాలి.

వెతుకుడు పెట్టెకూ ఒక జాగ్రత్త. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, రెంటిని కలిపీ రాయొచ్చు. మైసూర్ బజ్జీ అని రెండు రకాలుగా వచ్చినా తెర మీద తేడా కనపడదు, పోల్చితే సమానం కాదు. ఫారం నుంచి వచ్చే ప్రతి మాటనూ లోపలికి తీసుకునే చోటే ఎన్ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపానికి మార్చేయండి.

బాడీ: చదివేది ఒక్కసారే

రిక్వెస్ట్ బాడీ స్ట్రీమ్. ఒక మిడిల్‌వేర్ చదివేస్తే తర్వాతిదానికి ఖాళీ. రేజర్‌పే వెబ్‌హుక్ సంతకం పచ్చి బాడీ బైట్ల మీద హెచ్‌మ్యాక్ షా-256 అనే, రహస్య కీ వాడే లెక్కతో కడతారు. మీ ఫ్రేమ్‌వర్క్ ముందే జేసన్‌గా విప్పేసి, మీరు దాన్ని మళ్ళీ స్ట్రింగ్‌గా మార్చి సంతకం లెక్కిస్తే, ఒక ఖాళీ మారినా కీల వరుస మారినా సంతకం తప్పుతుంది. బాడీ పార్సింగ్‌ను అందరికీ కాకుండా గుంపుల వారీగా పెట్టమన్నది ఇందుకు కూడా. ప్లగ్‌లో బాడీ రీడర్ అన్న ఎంపిక ఇచ్చి బైట్లు దాచుకోనిస్తారు. మేమైతే పార్సింగ్‌ను మిడిల్‌వేర్‌గానే పెట్టం, హ్యాండ్లర్ పిలిచే ఫంక్షన్‌గా ఇస్తాం:

బాడీ_చదువు = రిక్వెస్ట్ → పరిమితి → ఫలితం (బైట్లు లేదా మరీ_పెద్దది)

పరిమితి ఆర్గ్యుమెంట్ తప్పనిసరి చేయండి. ప్లగ్ పార్సర్లలో మామూలుగా 80 లక్షల బైట్లు ఉంటుంది. మెస్ ఫారానికి 64 కిలోబైట్లు ధారాళం. దాటితే 413. సంతకాన్ని పోల్చేటప్పుడు సమాన సమయం పట్టే పోలిక ఫంక్షన్ వాడండి. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు కాబట్టి ఈవెంట్ గుర్తును డేటాబేస్‌లో యూనిక్ కాలమ్‌గా రాసుకుని, రెండోసారి వస్తే 200 ఇచ్చి ఊరుకోండి.

ఇక సీఎస్‌వీ రిపోర్ట్. చాలా డిజైన్లు ఇక్కడే కూలుతాయి. హ్యాండ్లర్ రెస్పాన్స్‌ను తిరిగిచ్చేసింది, కానీ బాడీలోని వరుసలు ఇంకా డేటాబేస్ నుంచి రాలేదు. హ్యాండ్లర్ ముగిసిందని కనెక్షన్‌ను పూల్‌కు (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపుకు) తిరిగిచ్చేస్తే, సర్వర్ మొదటి వరుస అడిగే సరికి కనెక్షన్ మూసి ఉంటుంది. క్లోజర్‌లో లేజీ సీక్వెన్స్‌ను (అడిగినప్పుడే లెక్కగట్టే జాబితాను), పని ముగియగానే మూసేసే విత్ ఓపెన్ లోపల నుంచి తిరిగిస్తే జరిగేది ఇదే. హాస్కెల్‌లో లేజీ ఐఓతోనూ ఇదే. ఎక్సెప్షన్ కూడా ఎర్రర్ మిడిల్‌వేర్ దాటిపోయాక పుడుతుంది, అప్పటికి 200 వెళ్ళిపోయింది, యజమాని చేతికి సగం ఫైల్ అందుతుంది.

హాస్కెల్‌లో సర్వర్‌కూ యాప్‌కూ మధ్య ఒప్పందంలాంటి డబ్ల్యూఏఐ ఈ సమస్య కోసమే 2014లో మూడో వెర్షన్‌లో టైప్ మార్చింది:

అప్లికేషన్ = రిక్వెస్ట్ → (రెస్పాన్స్ → ఐఓ అందింది) → ఐఓ అందింది

జవాబు పంపే ఫంక్షన్‌నే అప్లికేషన్ చేతికిస్తారు. పంపడం పూర్తయ్యాకే అది తిరిగొస్తుంది, కాబట్టి ఫైల్, కనెక్షన్ తెరవడం మూయడం దాని చుట్టూ కట్టొచ్చు. రింగ్ కూడా 2017లో 1.6 వెర్షన్‌తో జవాబు ఫంక్షన్, ఎర్రర్ ఫంక్షన్ తీసుకునే అసింక్ హ్యాండ్లర్‌ను చేర్చింది, అది వేరే అవసరానికి.

మీ చిన్న ఫ్రేమ్‌వర్క్ మొత్తాన్ని ఇలా మార్చనక్కర్లేదు. రెస్పాన్స్ బాడీకి రెండు రకాలు పెట్టండి: పూర్తి బైట్లు ఒకటి, రాసే ఫంక్షన్‌ను తీసుకుని వరుసలు రాసే ఫంక్షన్ మరొకటి. రెండో రకంలో కనెక్షన్ తెరవడం ఆ ఫంక్షన్ లోపలే జరగాలి, హ్యాండ్లర్‌లో కాదు. పూర్తి బైట్ల రకాన్ని, లేజీ భాషైతే, ఎర్రర్ మిడిల్‌వేర్ లోపలే పూర్తిగా లెక్కగట్టించండి. లేకపోతే ట్రై చుట్టినా అది ఏదీ పట్టదు.

ప్రతి రిక్వెస్ట్‌నూ ఒక ట్రాన్సాక్షన్‌లో చుట్టే మిడిల్‌వేర్ చూడ్డానికి బాగుంటుంది, పెట్టకండి. రైల్లో కూర్చుని రిపోర్ట్ దించుకునే యజమాని నెట్‌వర్క్ ఎంత మెల్లగా ఉంటే కనెక్షన్ అంతసేపు ఇరుక్కుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా 100 కనెక్షన్లే ఉంటాయి. పది చొప్పున పూల్ ఉన్న సర్వర్లు నాలుగైతే 40 పోయినట్టే, బ్యాక్‌గ్రౌండ్ పనులకు, చేత్తో తెరిచే వాటికి చోటు మిగల్చాలి.

మరి ఏది?

ఎలిక్సర్ అయితే ప్లగ్ మీదే కట్టండి, సొంత ఆకారం వెతకొద్దు. ఆ భాష లైబ్రరీలన్నీ దాన్నే ఆశిస్తాయి. క్లోజర్ అయితే రింగ్ మ్యాప్, అదీ అంతే. ఎఫ్ షార్ప్‌లో బ్రౌజర్ పేజీలకు జిరాఫ్ పద్ధతి సుఖం, బయటి ఏపీఐ అయితే మూడు ముక్కల టైప్‌తో. గ్లీమ్, ఓకామెల్‌లలో మామూలు ఫంక్షన్, ప్యాటర్న్ మ్యాచ్ రూటింగ్. ఓకామెల్ 5 వచ్చిన 2022 డిసెంబర్ తర్వాత మొదలుపెట్టే కొత్త పనికి ప్రామిస్‌లు లేని నేరు శైలి కూడా అందుబాటులో ఉంది, కానీ మీకు కావలసిన డేటాబేస్ లైబ్రరీ ఏ శైలిలో ఉందో చూసి తేల్చుకోండి, ఫ్రేమ్‌వర్క్ చూసి కాదు. హాస్కెల్‌లో ఏపీఐని వాడే మరో టీమ్ ఉంటే సర్వెంట్, లేకుంటే డబ్ల్యూఏఐ మీద పలుచని మామూలు ఫంక్షన్ పొర. మీరే తయారు చేస్తున్న కొత్త భాషకైతే మామూలు ఫంక్షన్ తప్ప మరోటి మొదట పెట్టకండి. దాని మీద మిగతా నాలుగూ లైబ్రరీలుగా కట్టొచ్చు, అటు నుంచి ఇటు రావడమే కష్టం.

కట్టే వరుస ఇలా ఉంటే మంచిది. ముందు రిక్వెస్ట్, రెస్పాన్స్ టైపులు, సర్వర్‌కు అతికే పొర. తర్వాత టెస్టుల కోసం రిక్వెస్ట్ కట్టే సహాయ ఫంక్షన్లు, ఇవి ఆలస్యం చేస్తే టెస్టులే రావు. తర్వాత లాగ్, ఎర్రర్. తర్వాత పరిమితితో బాడీ చదవడం, ఫారం, జేసన్. తర్వాత సంతకం చేసిన కుకీ సెషన్: హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ ల్యాక్స్ మూడూ డిఫాల్ట్‌గా, కుకీ 4096 బైట్లు దాటితే బ్రౌజర్ చప్పుడు చేయకుండా పారేస్తుంది కాబట్టి అందులో యూజర్ గుర్తు తప్ప మరేదీ పెట్టకుండా. చివర స్ట్రీమింగ్ బాడీ. ఇదంతా కలిపి వెయ్యి వరుసల లోపే ఉండాలి. దాటుతోందంటే టెంప్లేట్ల పనో, డేటాబేస్ పనో, సెట్టింగ్‌ల ఫైలో లోపలికి చొరబడిందన్నమాట, వాటిని బయటికి తీసి వేరే లైబ్రరీలు చేయండి.

పూర్తయ్యాక ఐదు పరీక్షలు, ఒక్కో రూట్‌కు ఒకటి. మెనూ పేజీ బైట్ల సంఖ్య కంటెంట్ లెంగ్త్‌తో సరిపోవాలి, అదే దారికి హెడ్ పద్ధతిలో అడిగితే హెడర్లు వచ్చి బాడీ రాకూడదు. ఆర్డర్ దారికి గెట్ పంపితే అలౌ హెడర్‌తో 405 రావాలి. లాగిన్ లేకుండా ఖాతా పేజీ అడిగితే 303 రావాలి, డేటాబేస్‌కు ఒక్క క్వెరీ కూడా పోకూడదు. వెబ్‌హుక్ బాడీలో ఒక ఖాళీ చేర్చి పంపితే సంతకం చెల్లదని 400 రావాలి, మార్చకుండా రెండుసార్లు పంపితే జమ ఒక్కసారే పడాలి. రిపోర్ట్ సగంలో క్లయింట్ కనెక్షన్ తెంపేస్తే, పూల్‌లో ఖాళీ కనెక్షన్ల సంఖ్య కొద్ది సెకన్లలో మళ్ళీ మొదటి అంకెకు చేరాలి.